పగడపు దిబ్బల పరిశోధకుడు థామస్ గోరో

పగడమన్న మాట తెలుగువారికి క్రొత్తది కాదు. నవరత్నములలో అది యొకటి. నల్లపూసల నడుమ ఎఱ్ఱని పగడములు కూర్చి ధరించుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చేరు రాజమార్గమునకు ఇరువైపుల గల నగల దుకాణములలో ఆ పూసలు నేటికిని అమ్ముడుపోవుచున్నవి. అదే మార్గమున, మేడలపై నడచు శిక్షణ తరగతులలో, వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు సిద్ధపడు విద్యార్థులు పగడపు జీవి నిడేరియా వర్గమునకు చెందినదని కంఠస్థము చేయుచున్నారు. పూసను ధరించిన తల్లి గాని, వర్గము పేరు వల్లించిన బిడ్డ గాని ఆ జీవిని ప్రాణముతో నున్నపుడు చూచి యుండుట అరుదు. చూతమన్నను సముద్రము దగ్గర లేదు. ఎల్.బి.నగర్ దాటి ఆ రహదారినే తూర్పుగా సాగిపోయినచో మూడువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన పిమ్మట గాని బందరు తీరము కానరాదు. అక్కడనైనను పగడపు దిబ్బలు లేవు. కృష్ణా గోదావరులు తెచ్చి పోయు బురదనీట అవి దిబ్బలు కట్టజాలవు.

అట్టి జీవిని అది బ్రతుకు చోటనే, అలల క్రిందికి దిగి, దాని నడుమ ఈదులాడి తెలిసికొనవలెనని తన ఆయుర్దాయమును ధారవోసిన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు థామస్ గోరో. వెన్నుకు గాలిసిలిండర్ కట్టుకొని సముద్రగర్భమున శాస్త్రపరిశోధన చేయు పద్ధతికి దారి తీసిన తొలితరము వారిలో ఇతడొకడు. తుపాను పాలైన పగడపు దిబ్బ మరల ఎట్లు కోలుకొనును, ఏ పరిస్థితులలో కోలుకొనజాలదు అను ప్రశ్నకు నేడు మనకు దొరకు సమాధానములలో చాలభాగము ఇతడు వేసిన పునాదిపై నిలిచినవే. 46 ఏండ్లు దాటక మునుపే ఇతని జీవితము ముగిసినది.

పగడపు జీవి స్వరూపము

గోరో కృషిని గ్రహించుటకు ముందు పగడపు దిబ్బ యనగా నేమో తెలియవలెను. మన ఆభరణములలోని ఎఱ్ఱపగడము మధ్యధరా సముద్రపు లోతులలో పెరుగునది. అది దిబ్బలను కట్టదు. దిబ్బలను కట్టు పగడములు వేరు. అవి ఉష్ణమండల సముద్రములలో, వెలుతురు చొచ్చు నిర్మలమైన నీటిలో పెరుగును. ఒక్కొక్క జీవి, దానినే పాలిప్ అందురు, సాధారణముగా గోరంతయు ఉండదు. నోటి చుట్టు చిన్న వ్రేళ్ళవంటి స్పర్శకములుండును. తన అడుగున అది సున్నపు పదార్థమును స్రవించి గట్టి గూడు కట్టుకొనును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. తల్లి గూటిని అంటిపెట్టుకొని పిల్ల గూడు వెలయును. ఇట్లు లక్షలాది జీవులు వేలాది సంవత్సరములు కట్టిన కట్టడమే పగడపు దిబ్బ. మనిషి చేతిలో ఇమిడిపోవు ముక్క యొక మహానగరపు పేట వంటిది.

ఈ జీవి యొంటరిగా బ్రతుకదు. దాని కణములలోపల ఏకకణ శైవలములు కాపురముండును. అవి సూర్యరశ్మి నుండి ఆహారము తయారుచేసి అందులో అధికభాగమును పగడమునకు ఇచ్చును. పగడము వానికి ఆశ్రయమును, తన శరీరమునుండి వెలువడు వ్యర్థపదార్థములను ఎరువుగాను ఇచ్చును. పగడపు దిబ్బల తేనెరంగు, గోధుమరంగు చాలవరకు ఈ శైవలముల వలన వచ్చినవే.

చార్లెస్ డార్విన్ 1836 లో హిందూమహాసముద్రములోని కోకోస్ దీవులను చూచి, 1842 లో పగడపు దిబ్బల పుట్టుకను గూర్చి గ్రంథము ప్రకటించినాడు. అగ్నిపర్వత ద్వీపము మెల్లమెల్లగా క్రుంగిపోవుచుండ దాని చుట్టు పగడములు పైకి పెరుగుచు పోవుననియు, తుదకు ద్వీపము మాయమై వలయాకారపు దిబ్బ మిగులుననియు ఆయన సిద్ధాంతము. 1952 లో పసిఫిక్ సముద్రమున ఎనివెటాక్ దీవిపై 1,200 మీటర్లకు పైగా రంధ్రము తొలిచినపుడు అడుగున అగ్నిపర్వత శిల తగిలి, ఆ సిద్ధాంతము రుజువైనది. కాని ఓడ మీదినుండి చూచి ఊహించగలిగినది కొంతమాత్రమే. అలల క్రింద ఏ లోతున ఏ పగడము పెరుగును, ఏ కారణమున పెరుగును, గాయపడినచో ఏమగును అను విషయములు నీటిలోనికి దిగిన గాని తెలియవు.

దేశము విడిచిన బాలుడు

థామస్ ఫ్రిట్జ్ గోరో 1924 లో జర్మనీ దేశమున జన్మించినాడు. తండ్రి ఫ్రిట్జ్ గోరో ఛాయాచిత్ర కళలో ప్రసిద్ధుడు. శాస్త్ర విషయములను, అతిసూక్ష్మ వస్తువులను ఛాయాచిత్రములలో పట్టుటయందు పిమ్మట లోకమున పేరు గాంచినవాడు. 1933 లో హిట్లరు అధికారమునకు వచ్చుటతో ఆ కుటుంబమునకు జర్మనీలో నిలువ నీడ లేకపోయినది. ఫ్రాన్సునకు పోయి, అక్కడినుండి 1936 లో అమెరికా చేరినారు. పండ్రెండేండ్ల ప్రాయము నిండునప్పటికి ఆ బాలుడు మూడు దేశములను, మూడు భాషలను చూచినాడు. కంటికి కనిపించు ప్రతి చిన్న వస్తువును నిలిచి పరిశీలించు తండ్రి వృత్తి కుమారునియందు మరియొక రూపమున ఫలించినది.

పెద్దవాడై గోరో జీవశాస్త్రమును అభ్యసించినాడు. 1946 వేసవిలో అమెరికా ప్రభుత్వము పసిఫిక్ సముద్రములోని బికినీ పగడపు దీవి వద్ద అణుబాంబులను పరీక్షించినది. మరుసటి యేడు 1947 లో గోరో ఆ దీవికి పోయి అక్కడి దిబ్బలను చూచినాడు. కోటి సంవత్సరములకు పైబడిన కట్టడమును మానవుడు క్షణకాలములో ఛిద్రము చేయగలడని చూపిన చోటు అది. పగడముల అధ్యయనమే తన జీవితకార్యమని ఆ యువకుడు నిశ్చయించుకొనుటకు ఎంతో కాలము పట్టలేదు.

నీటిలో ఊపిరి

నీట మునుగు విద్య మనకు క్రొత్త కాదు. తమిళదేశపు తూత్తుకుడి తీరమున ముత్యపు చిప్పలకొఱకు ఊపిరి బిగబట్టి మునుగువారు ప్రాచీన కాలము నుండియు ఉన్నారు. కాని ఊపిరి బిగబట్టినవానికి దొరకునది రెండు మూడు నిమిషములు. అంతలో ఏరుకొని రావచ్చును గాని, పరిశీలించి వ్రాసికొని రాజాలడు. పిమ్మట లోహపు శిరస్త్రాణము, పైన ఓడనుండి గాలి పంపు గొట్టము వచ్చినవి. వానితో అడుగున నడువవచ్చును గాని, నిటారైన పగడపు గోడ వెంట పైకి క్రిందికి తిరుగ వీలులేదు.

1943 లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనువారిరువురు కలిసి యొక సాధనమును రూపొందించినారు. సిలిండరులో అధిక పీడనముతో నింపిన గాలిని, మునిగినవాడు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి పీడనమునకు సరిపోవునట్లు అందించు కవాటము అందలి కీలకము. స్కూబా యని నేడు పిలువబడు సాధన సామగ్రి దీనినుండి వృద్ధి పొందినదే. ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము చొప్పున నీటి బరువు హెచ్చును. ఆ పీడనమున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమున కరగును. తొందరపడి పైకి వచ్చినచో అది బుడగలై కీళ్ళను, ఒక్కొక్కప్పుడు ప్రాణమునే హరించును. కావున లోతుకు పోయినవాడు నిదానముగా, నడుమ నడుమ ఆగుచు పైకి రావలెను. ఈ నియమములు ఇంకను ప్రయోగదశలో నున్న దినములలోనే గోరో ఈ విద్యను తన పరిశోధనకు సాధనముగా చేసికొన్నాడు. అంతవరకు వలలకు చిక్కిన ముక్కలను బల్లపై పరిశీలించు శాస్త్రము అతనివంటివారి చేతిలో జీవులున్న చోటికి తరలిపోయినది.

జమైకా ద్వీపము

1951 లో గోరో కరీబియన్ సముద్రములోని జమైకా ద్వీపమునకు వచ్చి, మోనా యందు క్రొత్తగా వెలసిన వెస్టిండీస్ విశ్వవిద్యాలయ కళాశాలలో శరీరధర్మ శాస్త్రమును బోధించు ఉపన్యాసకుడైనాడు. వైద్య విద్యార్థులకు పాఠము చెప్పుట అతని ఉద్యోగము. సముద్రము అతని ప్రయోగశాల. ఆ సంవత్సరము ఆగస్టులోనే చార్లీ అను హరికేన్ జమైకాను తాకి గొప్ప నష్టము కలిగించినది. మన బంగాళాఖాతమున పుట్టు తుపానును అట్లాంటిక్ ప్రాంతమువారు హరికేన్ అందురు. పేరులో తప్ప రెండింటి స్వభావమున భేదము లేదు. కరీబియన్ ద్వీపములలో పగడపు దిబ్బల గూర్చి చదువదలచినవాడు హరికేన్‌ల గూర్చి చదువక తప్పదు.

పనామా దేశీయురాలైన నోరా అతని భార్య. ఆమెయు జీవశాస్త్రజ్ఞురాలు. దంపతులిద్దరును కలిసి పగడముల శరీరధర్మమును పరిశోధించినారు. గోరో 1956 లో యేల్ విశ్వవిద్యాలయమునుండి పగడముల జీవశాస్త్రముపై వ్రాసిన గ్రంథమునకు డాక్టరు పట్టము పొందినాడు.

జమైకా ఉత్తర తీరపు దిబ్బలను అతడు గ్రామకరణము గ్రామపు పొలములను ఎరిగినట్లు ఎరిగినాడు. ఒడ్డునుండి సముద్రము వైపు పోవుకొలది పగడముల జాతులు మారుచుండుట గమనించి, ఆ మండలములను వరుసగా గుర్తించినాడు. అలలు విరిగిపడు చోట దుప్పికొమ్ముల వలె వెడల్పైన కొమ్మలు చాచిన పగడము. దాని క్రింద జింకకొమ్ముల వలె సన్నని కొమ్మలతో పొదలు పొదలుగా పెరుగు మరియొక జాతి. ఇంకను దిగిపోగా గుండ్రని బండలవలె, గోపురములవలె పెరుగు జాతులు. వెలుతురు సన్నగిల్లు లోతున అవే పగడములు ఇంటికప్పు పెంకులవలె పలుచగా పరచుకొని, దొరకిన కొద్దిపాటి కాంతిని పట్టుకొనుటకై వెడల్పగును. 1959 లో ప్రకటితమైన అతని వ్యాసము జమైకా దిబ్బల జాతులను, మండలములను సవివరముగా వర్ణించినది. 1967 లో జాన్ వెల్స్ అను పండితునితో కలిసి, ఏ జాతి ఏ లోతునుండి ఏ లోతువరకు కనిపించునో తెలుపు సవరించిన పట్టికను ప్రకటించినాడు. ఈ పట్టికలు చూపునకు శుష్కముగా తోచును. వాని విలువ పిమ్మట తెలిసినది.

పగడము సున్నపుగూటిని ఎంత వేగమున కట్టును అను ప్రశ్నకు గోరో చక్కని ఉపాయముతో సమాధానము రాబట్టినాడు. రేడియోధార్మిక కాల్షియమును కొద్దిగా కలిపిన సముద్రపు నీటిలో పగడపు ముక్కలను కొన్ని గంటలుంచి, ఎంత కాల్షియము గూటిలో చేరినదో కొలిచినాడు. కొన్నింటిని వెలుతురులో నుంచినాడు, కొన్నింటిని చీకటిలో నుంచినాడు. వెలుతురులో నున్నవి చీకటిలోని వానికంటె పలురెట్లు వేగముగా గూడు కట్టినవి. లోపలి శైవలములను పోగొట్టుకొన్న పగడములు మాత్రము వెలుతురులోనైనను మందముగానే కట్టినవి. పగడపు దిబ్బ కట్టుబడికి మూలశక్తి సూర్యుడనియు, ఆ శక్తిని అందించునవి కంటికి కనిపించని శైవలములనియు ఈ ప్రయోగముల వలన స్పష్టమైనది. ఆకుపచ్చని పొలము వలెనే పగడపు దిబ్బయు ఎండను నమ్ముకొని బ్రతుకునదే.

ఫ్లోరా తుపాను

1963 అక్టోబరు మాసమున ఫ్లోరా అను హరికేన్ కరీబియన్ సముద్రమున విజృంభించినది. హెయిటీ, క్యూబా దేశములలో కలిపి 7,000 మందికి పైగా మరణించినారు. క్యూబా మీద అది నాలుగు దినములకు పైగా కదలక తిరుగాడినది. జమైకాను నేరుగా తాకలేదు గాని, తూర్పు కొండలపై కుంభవృష్టి కురిపించినది. ఒక చోట కొలది దినములలో సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడినది. హైదరాబాదున ఒక సంవత్సరమంతయు కలిసి పడు వానకు అది సుమారు రెట్టింపు. కొండవాగులు, నదులు పొంగి మట్టితో కూడిన మంచినీటిని సముద్రములోనికి త్రోసినవి.

మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. అది అడుగునకు పోక సముద్రముపై పొరవలె పరచుకొనును. ఆ పొర క్రింద, లోతు తక్కువ నీటిలో పెరుగు పగడములు చిక్కుకొన్నవి. తుపాను వెలిసిన పిమ్మట గోరో దిబ్బలపై మునిగి చూడగా పగడములు తెల్లబడి యుండెను. ఒక జాతి కాదు, ఒక చోటు కాదు; శైవలములతో కాపురముండు అనేక జాతుల పగడములును, వాని చుట్టములైన సముద్రజీవులును రంగును కోల్పోయినవి.

చూచువారికి అవి చచ్చిపోయినట్లే తోచును. కాని గోరో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. పాలిప్‌లు ప్రాణముతోనే యున్నవని అతడు కనుగొన్నాడు. మాంసమంతయు ఉన్నది, స్పర్శకములు కదలుచున్నవి, లోపలి శైవలములు మాత్రము లేవు. ఉప్పు తగ్గిన నీటి తాకిడికి పగడములు తమ శైవలములను మూకుమ్మడిగా వెళ్ళగొట్టినవి. రంగు పోవుటచే పారదర్శకమైన ఒంటిలోనుండి అడుగునున్న తెల్లని సున్నపుగూడు కనిపించుచున్నది. 1928-29 సంవత్సరములలో ఆస్ట్రేలియా మహాప్రవాళ భిత్తిక వద్దకు పోయిన బ్రిటిషు పరిశోధకులు ఉష్ణముచేత, ఆకలిచేత పగడములు శైవలములను విడుచునని ప్రయోగములలో చూచి యుండిరి. ఒక తుపాను వెనువెంట దిబ్బలకు దిబ్బలే అట్లు తెల్లబడుటను కన్నులార చూచి, కారణసహితముగా వర్ణించిన కీర్తి గోరోది.

పిమ్మట అతడు ఆ దిబ్బలను విడువలేదు. నీటి ఉప్పదనము మునుపటి స్థితికి వచ్చినది. నెలలు గడచినకొలది తెల్లబడిన పగడములలో పెక్కింటికి మరల రంగు పట్టినది. కణములలో మిగిలియున్న కొద్దిపాటి శైవలములు పెరిగి మరల కాపురము నిండుచేసినవి. 1964 లో సైన్స్ పత్రికలో గోరో ఈ సంగతులను ప్రకటించినాడు. తెల్లబడుట మరణము కాదనియు, అది యొక వ్యాధిదశ యనియు, బాధించిన కారణము త్వరగా తొలగినచో జీవి కోలుకొనుననియు ఆ వ్యాసము వలన తెలియుచున్నది. నేడు ప్రపంచమంతట వినబడు పగడముల శ్వేతీకరణమును గూర్చి క్షేత్రమున జరిగిన తొలి వివరణలలో ఇది లెక్కింపబడుచున్నది.

తుపాను దిబ్బను రెండు విధముల గాయపరచునని ఇక్కడ గ్రహింపవలెను. ఒకటి మంచినీటి దెబ్బ. ఫ్లోరా చేసినది అది. రెండవది అలల దెబ్బ. 1961 లో హాటీ అను హరికేన్ నేటి బెలీజ్ తీరమును తాకినపుడు, అంతకుముందే ఆ దిబ్బలను కొలిచి యుంచిన డేవిడ్ స్టాడర్ట్ మరల పోయి చూచి, పగడపు మండలములు కొన్ని చోట్ల ఊడ్చిపెట్టుకొనిపోయినట్లు గమనించినాడు. అలల దెబ్బనుండి కోలుకొనుట వేరు విధము. విరిగిన కొమ్మ ప్రాణముతో నున్నచో, గట్టి నేల దొరికిన చోట అతుకుకొని క్రొత్త పొదయై పెరుగును. మన పల్లెలలో విరిగిన మునగకొమ్మను నాటినచో చిగిర్చినట్లే ఇదియు. జింకకొమ్ము పగడము ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా పెరుగగలదు. బండవలె పెరుగు పగడము ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. కాని అది త్వరగా విరుగదు. వేగముగా పెరుగునది వేగముగా విరుగును. నిదానముగా పెరుగునది నిలుచును. రెండును ఉన్న దిబ్బయే తుపానుకు తట్టుకొనును.

చీకటి గుహలు, తుది దినములు

తరువాతి సంవత్సరములలో గోరో మరింత లోతునకు దిగినాడు. దిబ్బల పాదముల వద్ద సూర్యరశ్మి చొరని గుహలలో అతనికి వింతయైన స్పంజికలు కనిపించినవి. అవి రాతివలె గట్టియైన సున్నపు దేహమును కట్టుచుండెను. వానిలో నొకదానిని 1911 లో క్యూబా సమీపమున తీసిన నమూనాను చూచి వేరే వర్గపు జీవిగా వర్ణించి యుండిరి. యేల్ విశ్వవిద్యాలయపు విల్లర్డ్ హార్ట్‌మన్‌తో కలిసి గోరో అది స్పంజికయే యని నిరూపించి, దాని బంధువులతో గూర్చి వర్ణించినాడు. అతిప్రాచీన యుగములలో దిబ్బలు కట్టి, శిలాజములుగా మాత్రమే మిగిలినవని తలచిన జీవులకు వారసులు నేటికిని ఆ గుహలలో ఉన్నవని లోకమునకు తెలిసినది.

1965 లో జమైకా ఉత్తర తీరమున డిస్కవరీ బే అను చోట విశ్వవిద్యాలయపు సముద్ర ప్రయోగశాల ఏర్పడినది. అందులకు మూలపురుషుడు గోరో. నానా దేశముల యువశాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చి నీట మునిగి పరిశోధించు విద్యను నేర్చినారు. కాని గురువు వారితో చిరకాలముండలేదు. క్యాన్సరు వ్యాధిచే అతడు 1970 లో మరణించినాడు. స్పంజికల గ్రంథము ఆ యేడే వెలువడినది. 1979 లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పగడపు దిబ్బలపై ప్రకటితమైన వ్యాసమునకు రచయితలు ముగ్గురు: గతించిన గోరో, భార్య నోరా, తండ్రి మార్గమున సముద్రశాస్త్రజ్ఞుడైన కుమారుడు.

పట్టికల విలువ

గోరో మరణించిన పదేండ్లకు, 1980 ఆగస్టు 6వ తేదీన, ఆలెన్ అను మహా హరికేన్ జమైకా ఉత్తర తీరము వెంట సాగిపోయినది. కొన్ని దశాబ్దములుగా అంతటి అలలు ఆ తీరమును తాకి యుండలేదు. తుపాను వెలిసిన పిమ్మట డిస్కవరీ బే శాస్త్రజ్ఞులు నీట మునిగి చూడగా, గోరో వర్ణించిన దుప్పికొమ్ము పగడపు మండలము చాలచోట్ల శిథిలముల గుట్టయై యుండెను. జింకకొమ్ము పొదలు దాదాపు నశించినవి. బండపగడములు చాలవరకు నిలిచినవి. ఎంత పోయినదో చెప్పగలిగిరన్నచో, ఎంత ఉండెనో మునుపే లెక్కగట్టి యుండుటచేతనే కదా! శుష్కముగా తోచిన పట్టికలు ఆ దినమున అమూల్యములైనవి.

మొదట కోలుకొనునని ఆశ కలిగినది. క్రొత్త పగడపు మొలకలు కానవచ్చినవి. కాని బ్రతికిన జింకకొమ్ము ముక్కలను నత్తలు, పురుగులు తిని తుపాను తరువాత గూడ నాశము చేసినవి. 1983-84 లో మరియొక ఆపద వచ్చినది. పగడములను కమ్మివేయు నాచును మేసి దిబ్బను శుభ్రముగా నుంచు సీ అర్చిన్ అను నల్లముళ్ళ జీవి ఏదో రోగము తగిలి కరీబియన్ అంతట నూటికి తొంబదికి పైగా నశించినది. నాచును మేయగల చేపలను మనుష్యులు అంతకుముందే మితిమీరి పట్టి యుండిరి. మేయువారు లేని నాచు పెరిగి పగడముల స్థలమును ఆక్రమించినది. 1988 సెప్టెంబరులో గిల్బర్ట్ హరికేన్ మరియొక దెబ్బ కొట్టినది. 1970 దశకపు చివర అడుగుభాగములో సగమునకు మించి పరచుకొనియున్న సజీవ పగడము, 1990 దశకపు తొలినాళ్ళకు నూటికి అయిదు వంతులకంటె తక్కువైనది.

ఇందులో విచారింపవలసిన విషయమున్నది. హరికేన్‌లు క్రొత్తవి కావు. వేలాది సంవత్సరములుగా అవి వచ్చుచునే యున్నవి, దిబ్బలు పడుచు లేచుచునే యున్నవి. ఈసారి దిబ్బ లేవజాలకపోయినది తుపాను బలమువలన కాదు; లేవనెత్తు తోడులు లేకపోవుటవలన. చేప లేదు, సీ అర్చిన్ లేదు, నిర్మలమైన నీరు లేదు. పైగా సముద్రపు వేడి హెచ్చుచున్నది. ఫ్లోరా నాటి మంచినీటి పొర కొలది దినములలో తొలగిపోయినది కనుక పగడములు కోలుకొన్నవి. 1998, 2005, 2023 సంవత్సరములలో వచ్చిన వేడి వారములకొలది తొలగలేదు. బాధ దీర్ఘమైనచో తెల్లబడుట మరణమగును. 1998 నాటి వేడికి మన లక్షద్వీపములలోని పగడములును పెద్దఎత్తున నశించినవి.

అయినను ఆశ లేకపోలేదు. డిస్కవరీ బే సమీపమున డెయిరీ బుల్ అను దిబ్బపై సీ అర్చిన్‌లు తిరిగి వచ్చిన చోట నాచు తగ్గి, జింకకొమ్ము పగడము మరల పెరిగినది. 1995 నుండి 2004 వరకు గల కాలములో అక్కడ సజీవ పగడపు విస్తీర్ణము రెట్టింపునకు మించినది. 2005 నాటి వేడికి అది మరల దెబ్బతిన్నది. కోలుకొను శక్తి చావలేదనియు, దానికి వ్యవధియు, తోడును కావలెననియు ఆ చిన్నదిబ్బ చెప్పుచున్నది. ఇప్పుడును అక్కడ మునుగు శాస్త్రజ్ఞులు తాము చూచినదానిని గోరో నాటి వర్ణనలతో సరిపోల్చుకొనుచునే యున్నారు.

ఈ కథ సముద్రమునకు మూడువందల కిలోమీటర్ల దూరముననున్న మనకెందుకని తోచవచ్చును. 2020 అక్టోబరు 13వ తేదీ ఉదయమున కాకినాడ సమీపమున తీరము దాటిన వాయుగుండము ఆ రాత్రికి హైదరాబాదుపై కుంభవృష్టి కురిపించినది. సరూర్‌నగర్ చెరువు పొంగి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరపు కాలనీలలో ఇండ్లు నీట మునిగినవి. ఆ నీరు వెదకుకొన్నది తన పాత దారిని. ఒకప్పుడు చెరువు ఎంత వరకు ఉండెను, వాగు ఏ వీథిగుండ పారెను అని ఎరిగినవారు కాలనీలలో ఎందరు? సముద్రమున గోరో చేసిన పని చెరువుగట్టున ఒక పాఠశాల ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో చేయవచ్చును: ఏ నెలలో నీరు ఎంత ఉన్నదో, ఏ పక్షి వచ్చినదో, ఏ మొక్క మొలచినదో యేటేట వ్రాసి యుంచవచ్చును. అందులకు సిలిండరు గాని, ఓడ గాని అక్కరలేదు. ఒక పుస్తకము, ఓపిక చాలును.

తుపాను వచ్చిన పిమ్మట పోయినదానికి దుఃఖించువారు పెక్కుమంది. తుపానుకు ముందు ఉన్నదానిని లెక్కవ్రాసి యుంచువారు కొందరే. థామస్ గోరో ఆ కొందరిలోనివాడు.